నాయనకి ముద్ద దిగుతోంది

ఈరోజు నాయనకి అన్ననాళం ఆపరేషనయ్యాక మూడో నెల ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి గొట్టం వేసి లోపల చూడటం. రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా పొద్దున్నే కావలిలో బస్సెక్కించి నెల్లూరు తీసుకెళ్ళాను. 71 ఏళ్ళ మనిషి, ఖాళీ కడుపుతో నీరసపడతాడేమోనని నాకు టెన్షన్. ఆయనేమో కోవూరు దాటి పెన్న బ్రిడ్జి ఎక్కగానే, "వచ్చేటప్పుడు చేపలు తీసుకుందామా అమ్మా?" అన్నాడు. రెండేళ్ళుగా నాయన నోట తిండి మాట వినలేదు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రెండేళ్ళూ అన్నం తింటూ మధ్యలో లేచి నిలబడి, భుజాలు వెనక్కి విరిచి, చెంబెడు నీళ్ళు తాగితే గానీ ముద్ద కిందికి జారేది కాదు. ఒక్కోసారి ఆ నీళ్ళు కూడా గొంతు దాకా తిరిగొచ్చేవి. మేము గ్యాస్ అనుకున్నాం, చూపించిన డాక్టరూ గ్యాస్ బిళ్ళలే రాశాడు, చుట్టాలు వయసన్నారు. పెళ్ళిళ్ళకి రమ్మంటే పనుందనేవాడు. బంతిలో కూర్చుంటే మధ్యలో లేవాల్సి వస్తుందని సిగ్గుపడ్డాడట, ఆ సంగతి మొన్న ఆపరేషనయ్యాక గానీ చెప్పలేదు.

చివరికి నెల్లూరు పొగతోటలో చూపించిన డాక్టరు ఒకే ప్రశ్న వేశాడు. "రాత్రి పడుకుంటే నోట్లోకి వచ్చేది పుల్లగా ఉంటుందా, తిన్నది తిన్నట్టే వస్తుందా?" తిన్నది తిన్నట్టే, మెతుకులతో సహా దిండు మీద పడేది, ఆ గలేబులు ఉతికింది నేనే. అంటే అన్నం పొట్ట దాకా వెళ్ళడమే లేదన్నమాట. ముందు ఎండోస్కోపీ చేసి క్యాన్సర్ కాదని చెప్పాడు, ఆ తర్వాత ఎక్స్‌రేలో కనపడే బేరియం మందు తాగించి ఫొటో తీస్తే అన్ననాళం పైన సంచిలా ఉబ్బి, కింద పిట్టముక్కులా సన్నగా కనిపించింది. ఎకలేసియా అంటారట. పొట్ట మొదట్లో ఉండే కండరం మనం మింగినప్పుడల్లా వదులవ్వాలి, దాన్ని వదులు చేసే నరాలు దెబ్బతింటే బిగుసుకునే ఉండిపోతుంది. పై నాళం కూడా అన్నాన్ని కిందికి తోయడం మానేస్తుంది. నాయన నిలబడి నీళ్ళు తాగింది ఆ బరువుతో ముద్దని తోయడానికే.

చెన్నైలో పోయెమ్ అనే ఆపరేషన్ చేయించాం. నోట్లోంచి గొట్టం పంపి, అన్ననాళం లోపొరకి చిన్న గాటు పెట్టి, పొరకీ కండరానికీ మధ్య సొరంగంలా చేసుకుంటూ కిందికి వెళ్ళి ఆ బిగుసుకున్న కండరాన్ని కోస్తారు. తర్వాత గాటుని క్లిప్పులతో మూసేస్తారు. పొట్ట మీద ఒక్క కుట్టు లేదు. 2008లో జపాన్‌లో ఇనౌయె అనే డాక్టరు మనుషులకి మొదటిసారి ఇలా చేశాడని అక్కడే చెప్పారు, ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఈరోజు వరండాలో నాయన పక్కనే పొదిలి వైపు నుంచి వచ్చిన ఒకమ్మ, నాలుగేళ్ళ కొడుకుతో. బాత్రూం కడిగే యాసిడ్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే వాడు తాగేశాడట. కంగారులో ఉప్పునీళ్ళు పోసి కక్కించారు, పైకి వచ్చేటప్పుడు అది మళ్ళీ కాల్చింది. కక్కించకుండా అలాగే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఈ మాట ఊరూరా చెప్పాలి. కాలిన చోట మచ్చ కట్టి నాళం ముడుచుకుపోయింది. మత్తిచ్చి కొద్దికొద్దిగా వెడల్పు చేస్తున్నారు, ఒకేసారి సాగదీస్తే చిరుగుతుంది కాబట్టి రెండు మూడు వారాలకోసారి రావాల్సిందే. ఇది ఐదోసారి. వాడి చేతిలో విప్పని బిస్కెట్ పొట్లం. మత్తు దిగాక నానబెట్టి పెడతానని అమ్మ మాటిచ్చిందట, వాడు వదలకుండా పిసికి పిసికి లోపలంతా పొడి చేసేశాడు. నాయన వాడి తల నిమురుతూనే ఉన్నాడు, లోపలికి పిలిచేదాకా.

నాయన రిపోర్టులో దారి బాగా తెరుచుకుంది. కండరం కోసేశారు కాబట్టి యాసిడ్ పైకొచ్చి కింద కాస్త పుండు పడింది, మంట తెలియకపోయినా ఇలా అవుతుందట, అందుకే గొట్టం వేసి చూసేది. పొద్దున పరగడుపున బిళ్ళ, తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు, రాత్రి అన్నం పడుకోవడానికి మూడు గంటల ముందే.

సింగరాయకొండ అత్త గురించి కూడా అడిగాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి నీళ్ళు తాగితే చాలు పొలమారుతుంది, మేమేమో ఎవరో తలుచుకుంటున్నారు అంటూ వచ్చాం. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అది గొంతులో మింగే పట్టు తప్పడం, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, దానికి కోత కాదు, మింగడం నేర్పించే థెరపీ కావాలన్నాడు. అప్పటిదాకా పడుకోబెట్టి ఏదీ తాగించొద్దు, నిటారుగా కూర్చోబెట్టి స్పూను స్పూనుగా ఇవ్వమన్నాడు.

సాయంత్రం ఆరున్నరకల్లా నాయనకి అన్నం మెత్తగా వండి చేపల పులుసు వేశాను. ముళ్ళు ఏరుకుంటూ కూర్చున్న చోటే తిన్నాడు. తింటూనే, "అత్తకి ఫోన్ కలుపు, నేను మాట్లాడతా" అన్నాడు. ఆదివారం నేనూ ఆయనా సింగరాయకొండ వెళ్తున్నాం.