పిల్లలు క్యాన్సర్ ఎపిజెనెటిక్స్ చదువుతామంటే

అమెరికాలో పెరిగిన అమ్మాయి డిగ్రీ మూడో ఏట ‘మెడికల్ స్కూల్‌కి అప్లై చేయను, క్యాన్సర్ ఎపిజెనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తాను’ అంటే మనిళ్ళలో వెంటనే వచ్చే ప్రశ్నలు మూడు: ఎన్నేళ్ళు, ఫీజెంత, తర్వాత ఉద్యోగమేంటి. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే ఎమ్మెస్ చేసి ఐటీలో స్థిరపడినవాళ్ళ లెక్కలు ఇక్కడ పనికిరావు. (ఎపిజెనెటిక్స్ అంటే, ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్ణయించే గుర్తుల చదువు. వివరం కింద వస్తుంది.)

ఫీజు సంగతి ముందు చెప్పుకుంటే సగం బరువు దిగుతుంది. ఇక్కడి బయోమెడికల్ పీహెచ్‌డీకి మామూలుగా ట్యూషన్ కట్టక్కర్లేదు. హెల్త్ ఇన్సూరెన్స్, స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. 2024లో ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) నిర్ణయించిన స్టైపెండ్ ఏడాదికి 28,224 డాలర్లు. చాలా యూనివర్సిటీలు దానికి మరికొంత కలుపుతాయి. బతకడానికి చాలు, వెనకేసుకోవడానికి చాలదు. కాలం అయిదారేళ్ళు. ‘పోనీ ఎండీ-పీహెచ్‌డీ చెయ్యి, రెండూ వస్తాయి’ అనే సలహా తేలిగ్గా ఇచ్చేస్తాం గానీ దానికే ఏడెనిమిదేళ్ళు, ఆపైన రెసిడెన్సీ అనే ఆస్పత్రి శిక్షణ.

దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది. జనవరి, ఫిబ్రవరిల్లో ఇంటర్వ్యూలు. సీటు వస్తే ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాలి. మార్కులతో పాటు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా, చూసేది ల్యాబ్ అనుభవం. ఒకే ల్యాబ్‌లో రెండేళ్ళు పనిచేసి, ప్రయోగం చెడితే ఏం చేసిందో కళ్ళారా చూసిన ప్రొఫెసర్ రాసే ఉత్తరం బాగా పనిచేస్తుంది. మెడిసిన్ కోసం ఆస్పత్రిలో డాక్టర్ల వెంట ఉండి గమనించే షాడోయింగ్ దీనికి పెద్దగా ఉపయోగపడదు. చివరిదాకా రెండు పడవల మీద కాళ్ళు పెట్టించడం మనకు జాగ్రత్త అనిపిస్తుంది. దానివల్ల పోయేది మాత్రం ల్యాబ్‌లో గడపాల్సిన గంటలే.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా మీద, చిన్నప్పుడు వచ్చిన పిల్లల దారి కొంచెం వేరు. వాళ్ళకు జీతం తీసుకుని పనిచేసే అనుమతి ఉండదు కాబట్టి డిగ్రీలో ల్యాబ్ పనిని కోర్సు క్రెడిట్‌గా నమోదు చేయించుకోవాలి. ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) వేసవి పరిశోధన కార్యక్రమాలు, పీహెచ్‌డీలో ఎన్‌ఐహెచ్ నుంచి వచ్చే టీ32, ఎఫ్31 శిక్షణ గ్రాంట్లు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్ళకే. అంతమాత్రాన పీహెచ్‌డీ మూసుకుపోదు. ప్రొఫెసర్ తన పరిశోధనకు వచ్చిన ఆర్01 గ్రాంటు నుంచి రీసెర్చ్ అసిస్టెంట్‌గా జీతం ఇవ్వచ్చు. అందుకే చేరేముందు ‘మొదటి ఏడాది స్టైపెండ్ ఏ ఖాతాలోంచి వస్తుంది’ అని అడగాలి. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి. ఆ మార్పుకు నెలలు పట్టచ్చు కనుక పిల్లకు 19 ఏళ్ళున్నప్పుడే లాయర్‌ని కలవడం మంచిది.

ఇక చదివేది ఏమిటంటే, డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్ణయించే రసాయన గుర్తులు. వాటిలో ఒక రకం మిథైల్ గుర్తులు; అవి చేరడాన్ని మిథైలేషన్ అంటారు. క్యాన్సర్ కణాల్లో మిథైల్ గుర్తులు మొత్తమ్మీద తగ్గుతాయని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ చూపించారు. అదే కణంలో, గడ్డలను అడ్డుకునే కొన్ని జన్యువుల ప్రమోటర్ల మీద (జన్యువును నడిపే స్విచ్చుల్లాంటి భాగాల మీద) మాత్రం అవి పేరుకుపోయి ఆ జన్యువులను ఆపేస్తాయి. ఆ గుర్తులను చెరిపే అజాసిటిడిన్‌కు ఎండీఎస్ అనే రక్త రుగ్మత చికిత్సలో 2004లో అనుమతి వచ్చింది.

పిల్ల శనివారం ఫోన్ ఎత్తకపోవడానికి కారణం చాలాసార్లు ఈ మందులే. డెసిటబిన్ అజాసిటిడిన్‌కు దగ్గరి బంధువు. 37 డిగ్రీల వేడిలో, నీటి ద్రావణంలో అది గంటల్లో విచ్ఛిన్నమైపోతుంది. కణాలు విభజన చెందుతూ కొత్త డీఎన్‌ఏ తయారు చేసుకుంటున్నప్పుడే అందులో చేరి పనిచేస్తుంది. అందుకని మూడు నాలుగు రోజులు వరసగా, రోజూ పాత మీడియా (కణాలను పెంచే పోషక ద్రవం) తీసేసి తాజా మందు కలిపినది పోయాలి. ఒకరోజు తప్పితే మిథైలేషన్ అనుకున్నంత తగ్గకపోవచ్చు. పోనీ అని మోతాదు పెంచితే కణాలు చస్తాయి, అప్పుడు కనిపించేది గుర్తులు చెరిగిన ఫలితమో విషప్రభావమో తేలదు. పండక్కి రాలేనంటే దాని వెనక ఇలాంటి లెక్క ఉంటుంది.

క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్ ఇంకా పేచీకోరు పని. డీఎన్‌ఏ మీద ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చుందో కనుక్కునే పద్ధతి అది, ల్యాబ్‌లో దాన్ని చిప్ అంటారు. కోటి కణాలను 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో పది నిమిషాలు ఉంచితే ప్రోటీన్లు డీఎన్‌ఏకి అతుక్కుంటాయి. 125 మిల్లీమోలార్ గ్లైసిన్‌తో ఆ చర్యను ఆపి, శబ్ద తరంగాలతో డీఎన్‌ఏని 200 నుంచి 500 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్కలు చేసి, వెతికే ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీతో కలిపి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర తిప్పుతారు. మర్నాడు పూసలతో లాగి, కడిగి, 65 డిగ్రీల దగ్గర అతుకులు విడదీస్తారు. పది నిమిషాలు ఇరవై అయితే డీఎన్‌ఏ సరిగా తెగదు. శబ్ద తరంగాలిచ్చే సోనికేటర్ వేడెక్కితే యాంటీబాడీ గుర్తుపట్టాల్సిన భాగమే పాడవుతుంది, అందుకే ఐసులో పెట్టి ఆగి ఆగి నడుపుతారు. అన్నిటికంటే ఏడిపించేది యాంటీబాడీ: క్యాటలాగు నంబరు అదే ఉంటుంది, లాట్ (తయారీ బ్యాచ్) మారుతుంది, నిన్నటిదాకా పట్టుకున్నదాన్ని ఇవాళ పట్టుకోదు. అది బయటపడేది కొన్నిసార్లు సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం) ఫలితాలు వచ్చాకే.

ఇవి తెలిసినవాళ్ళు ‘ఇంకెప్పుడు అయిపోతుంది?’ అని అడగరు. ‘ఈసారి కంట్రోల్ (పోల్చి చూసుకోవడానికి పెట్టుకునే నమూనా) పనిచేసిందా?’ అంటే పిల్లలు నోరు విప్పుతారు. ఇంకో మాట. ‘గురువుగారికి ఎదురు చెప్పకు’ అని మనం నేర్పింది ల్యాబ్ మీటింగ్‌లో వికటిస్తుంది. మాట్లాడకుండా కూర్చుంటే వినయం అనుకోరు, ఆలోచించలేదనుకుంటారు. మొదటి ఏడాది సాధారణంగా మూడు ల్యాబుల్లో కొద్ది వారాల చొప్పున రొటేషన్ చేసి గైడ్‌ని ఎంచుకుంటారు. అప్పుడు ప్రొఫెసర్ పేరుప్రఖ్యాతుల కంటే ఆయన దగ్గర చేసినవాళ్ళకి ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు అన్నది చూడమనాలి. ఆ కబురు ఆయన లేనప్పుడు పాత విద్యార్థుల నుంచి రాబట్టాలి.

ఈ చదువు ఇంట్లోకి తెచ్చే అసలు ఇబ్బంది వేరే ఉంది. మనం దాచిపెట్టే జబ్బుల గురించి పిల్లలు సూటిగా అడుగుతారు. ‘పెద్దత్త దేనితో పోయింది?’ అంటే ‘కడుపులో ఏదో’ అని దాటేస్తాం. పెద్దపేగు క్యాన్సర్ గడ్డలో, డీఎన్‌ఏ తప్పులు సరిదిద్దే ఎమ్‌ఎల్‌హెచ్1 ప్రోటీన్ కనిపించలేదనుకోండి. ఆ జన్యువు ప్రమోటర్ మిథైలేషన్‌తో మూసుకుపోయి ఉండొచ్చు, అదైతే సాధారణంగా ఆ గడ్డకే పరిమితం. లేదా లించ్ సిండ్రోమ్ కావచ్చు, అది కుటుంబంలో దిగుతుంది. రెంటినీ వేరు చేయడానికి గడ్డలో మిథైలేషన్, బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు పరీక్షిస్తారు. ఈ మార్పు ఉంటే లించ్ అయ్యే అవకాశం బాగా తక్కువ. పరీక్ష దాకా వెళ్ళాలన్న అనుమానం రావడానికి కుటుంబ చరిత్ర కావాలి: ఏ అవయవంలో మొదలైంది, ఎన్నో ఏట తెలిసింది, తల్లి వైపా తండ్రి వైపా. ‘గర్భసంచి తీసేశారు’ అంటే చాలదు, ఎందుకు తీశారో కావాలి, లించ్‌లో గర్భాశయ క్యాన్సర్ కూడా వస్తుంది కనుక. ఎమ్‌ఎల్‌హెచ్1 లోపం వారసత్వంగా వచ్చిందని తేలితే 20-25 ఏళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేయించుకోమంటారు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఉండగానే, ఫోన్లో ఒక్కొక్కరి దగ్గరా ఈ మూడు సంగతులూ రాసుకోవాలి.

అదే ఉత్సాహంతో వాట్సాప్‌లో తిరిగే ‘తాతల బాధ మన జన్యువుల్లో ఉంది’ కబుర్లను పిల్ల కొట్టిపారేస్తే నొచ్చుకోకూడదు. 1944-45లో నెదర్లాండ్స్‌లో వచ్చిన డచ్ కరువు కాలంలో తల్లి కడుపున పడ్డవాళ్ళలో ఆరు దశాబ్దాల తర్వాత ఐజీఎఫ్2 అనే, పెరుగుదలకు తోడ్పడే జన్యువు దగ్గర మిథైలేషన్ తక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ ఆ కరువు తగిలింది వాళ్ళకే. ఆ గుర్తుల్లో చాలా భాగం అండ, శుక్ర కణాలు తయారయ్యే దశలో ఒకసారి, ఫలదీకరణ తర్వాత మరోసారి చెరిగిపోతాయి. మనుషుల్లో తరతరాలకు దిగుతాయనడానికి ఆధారం పలచన.

పీహెచ్‌డీ తర్వాత కంపెనీకి వెళ్తే చిన్నచూపు చూసే అలవాటు కూడా మనకుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఊళ్ళో తాతయ్యకు మనవరాలి ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ఈ పేరు చాలు.

యూనివర్సిటీలోనే ఉండాలనుకుంటే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత మరొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగం) చేయాలి, అందుకు ఊరు మారాల్సి రావచ్చు. 2024లో దానికి ఎన్‌ఐహెచ్ నిర్ణయించిన స్టైపెండ్ మొదటి ఏడాదికి 61,008 డాలర్లు. సొంత ల్యాబ్‌కి దారితీసే కే99 గ్రాంటుకు పౌరసత్వం అక్కర్లేదు గానీ పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్ళు మించకముందే దరఖాస్తు పెట్టాలి. మనం పెళ్ళి, పిల్లలు అని తొందరపెట్టే ఏళ్ళు సరిగ్గా అవే. ఆ నాలుగేళ్ళలో ప్రసవమైతే గడువు ఒక ఏడాది పొడిగిస్తారు, కాకపోతే అడగాలి. కోడలో కూతురో ఆ దశలో ఉంటే ఈ సంగతి తెలుసో లేదో కనుక్కోండి.