రోజూ జేబులో ఉండే ఇంకు పెన్ను: ఇప్పటిదాకా తేలినవి

బల్ల దగ్గర కూర్చుని రాసుకోవడానికి ఏ ఇంకు పెన్నయినా పనికొస్తుంది. జేబులో పెట్టుకుని తిరగడానికి, నిలబడి రెండు ముక్కలు రాసి మూత పెట్టేయడానికి, బ్యాగులో తాళాల మధ్య పడి ఉన్నా తట్టుకోవడానికి కావలసిన పెన్ను వేరు. అలాంటి ఒక్క పెన్ను కోసం కొంతకాలంగా కొన్నిటిని వంతులవారీగా జేబులో తిప్పి చూస్తున్నాను. లామీ సఫారీ, పైలట్ మెట్రోపాలిటన్, ప్లాటినమ్ ప్లెజిర్, కవేకో స్పోర్ట్, ట్విస్బీ ఎకో. అన్నిటికీ స్టీలు పాళీలే.

బంగారు పాళీని పోటీలోకి తీసుకోలేదు. 14 క్యారెట్ల పాళీలో బంగారం 58.5 శాతం ఉంటుంది, దాంతో రాయడం హాయిగానే ఉంటుంది. అయితే కాగితాన్ని తాకేది బంగారం కాదు, పాళీ మొనకు అతికించిన గట్టి మిశ్రలోహపు చుక్క. మంచి స్టీలు పాళీకీ అలాంటి చుక్కే ఉంటుంది. కాబట్టి మొన అరుగుదల విషయంలో బంగారంతో వచ్చే లాభం లేదు. పెన్ను కింద పడి పాళీ వంగితే మాత్రం రెండిటి బాధా ఒకేలా ఉండదు. సఫారీ పాళీ అయితే టేపు ముక్క అంటించి లాగితే వచ్చేస్తుంది, కొత్తది తోస్తే సరిపోతుంది. ఏ పరికరమూ అక్కర్లేదు. రోజూ తిరిగే పెన్నుకు ఇది చాలా పెద్ద సుగుణం.

మొదట్లో నా దృష్టంతా బాడీ మీదే ఉండేది. మెట్రోపాలిటన్ బాడీ ఇత్తడి, ప్లెజిర్‌ది అల్యూమినియం, సఫారీది ఏబీఎస్ ప్లాస్టిక్. ఇత్తడి పగలదు, నిజమే. కానీ మెట్రోపాలిటన్ సుమారు 26 గ్రాములు తూగుతుంది, పల్చటి చొక్కా జేబు కిందికి లాగుతుంది, వంగినప్పుడు పెన్ను ముందుకు జారుతుంది. సఫారీ 17 గ్రాములే. 1980లో వచ్చిన డిజైన్ అది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. మందపాటి తీగను వంచి చేసిన దాని క్లిప్పు ఎంత దళసరి బట్టనైనా పట్టుకుంటుంది. గీతలు పడతాయి తప్ప ఆ ప్లాస్టిక్ అంత తేలిగ్గా పగలదు. బాడీ గురించి ఇంతకన్నా ఆలోచించాల్సింది లేదని ఇప్పుడు అనిపిస్తోంది. జేబు పెన్ను మన్నికను తేల్చేది మూత.

ఒక పాత పెన్ను ఈ సంగతి నాకు స్పష్టంగా చూపించింది. పాళీ బాగుంది, బాడీ బాగుంది, మూత అంచున మాత్రం వెంట్రుక వాసి చీలిక వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఉదయం మొదటి గీత పడేది కాదు. పాళీని నీళ్లలో ముంచితే రాసేది, మర్నాటికి మళ్లీ అదే తంతు. గాలి ఆడే మూత కింద ఎంత మంచి పాళీ అయినా ఎండిపోతుంది. అందుకే ఇప్పుడు ఏ పెన్ను చేతికొచ్చినా ముందు మూత తీసి దాని లోపలికి చూస్తాను.

చాలా పెన్నుల మూత పైన చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది తయారీ లోపం కాదు. చిన్నపిల్లలు మూత మింగితే ఊపిరి ఆడటానికి పెట్టేది, దానికి ఐఎస్ఓ 11540 అనే ప్రమాణమే ఉంది. కాబట్టి పై మూతకు రంధ్రం ఉన్నా ఫర్వాలేదు, లోపల పాళీని కప్పే రెండో మూత బిగుతుగా ఉండాలి. ప్లాటినమ్ వాళ్లు ఆ లోపలి మూతకు చిన్న స్ప్రింగు పెట్టారు. మూత వేయగానే అది వచ్చి పాళీ చుట్టూ అదుముకుంటుంది. ఏడాది దాకా ఇంకు ఎండదని వాళ్ల మాట. ఏడాది ఆగి చూసే ఓపిక నాకు లేదు గానీ, మూలన పడేసి మరిచిపోయిన ప్లెజిర్ తీసీ తీయగానే రాయడం చూశాను. మిగతావాటిలో ఏదీ నాకు ఇంత ధీమా ఇవ్వలేదు.

మూత అంచు ఇంకో సంగతి. రాసేటప్పుడు మూతను పెన్ను వెనక గట్టిగా దిగ్గొట్టే అలవాటుంటే, ప్లాస్టిక్ అంచు కొంచెం కొంచెంగా సాగి చివరికి చీలుతుంది. అంచు చుట్టూ లోహపు పట్టీ ఉంటే ఆ ఒత్తిడిని అది మోస్తుంది. పట్టీ లేని పెన్నయితే మూతను ఎడమచేతిలో ఉంచుకోవడమే మేలు.

మరలు తిప్పే మూతా, నొక్కితే టక్కున పడే మూతా? దీని మీద చాలా ఊగిసలాడాను. తిప్పే మూత జేబులో దానంతటదే ఊడిరాదు, బిగుతు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ట్విస్బీ, కవేకో రెండూ ఆ రకమే. అయితే నా రాత అంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక పేరు, ఒక నంబరు, ఒక గుర్తు. కవేకో మూత పెట్టి ఉన్నప్పుడు పదిన్నర సెంటీమీటర్లే, ప్యాంటు జేబులోనూ ఒదుగుతుంది. కానీ ఒక్క పదం రాయాలంటే మూత తిప్పాలి, తీసి వెనక తగిలించాలి, రాయాలి, మళ్లీ అన్నీ వెనక్కి. ఫోనులో అవతలి మనిషి నంబరు చెప్పేస్తుంటే అదొక టెన్షన్. జేబుకు నొక్కే మూతే కావాలని అక్కడ తేలిపోయింది. దానితో ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మూతను గభాలున లాగితే లోపల గాలి పల్చబడి ఇంకును బయటికి పీలుస్తుంది, పట్టుకునే చోట వేళ్లకు అంటుతుంది. నెమ్మదిగా లాగితే అంటదు.

లీకుల గురించి అడిగే స్నేహితులకు నేను చెప్పేది ఒకటే, లోపలి గాలిని చూసుకోండి. ఇంకు సగమే ఉంటే మిగతా సగం గాలి. ఒంటి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీ వైపు తోస్తుంది. పాళీ కింద ఇంకును మొనకు చేర్చే భాగాన్ని ఫీడ్ అంటారు, దానికి ఉండే సన్నటి పలకలు కొంత అదనపు ఇంకును పట్టి ఉంచుతాయి, అవి నిండితే చుక్క కారుతుంది. విమానంలో బయటి ఒత్తిడి తగ్గినప్పుడూ ఇదే జరుగుతుంది. పెన్నును పాళీ పైకి ఉండేలా నిలబెడితే గాలి ఆ వైపు చేరుతుంది, బయటికి పోయేది గాలే, ఇంకు కాదు. ప్రయాణంలో పెన్ను పూర్తిగా నిండి ఉండాలి, లేదా పూర్తిగా ఖాళీగా ఉండాలి. బాడీ నిండా నేరుగా ఇంకు పోసే రకం మీద నాకెంతో ఇష్టం, అయినా ఇంకు అడుగంటే కొద్దీ చేతి వేడికే చుక్కలు వదులుతుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచాను.

ఇంకు ఎంత పడుతుందన్నది కూడా చూడాలి. ట్విస్బీ ఎకోలో సుమారు 1.7 మిల్లీలీటర్లు పడుతుంది, బల్ల మీద రాయడానికి అది దొర. మెట్రోపాలిటన్‌లో పట్టే కాన్-40 కన్వర్టర్‌లో, అంటే సీసాలోంచి ఇంకు పీల్చి నింపుకునే చిన్న గొట్టంలో, పట్టేది 0.4 మిల్లీలీటర్లే. అదే పైలట్ కార్ట్రిడ్జ్‌లో, అంటే ఇంకు నింపి అమ్మే గొట్టంలో, 0.9 దాకా పడుతుంది. అందుకే ఖాళీ కార్ట్రిడ్జ్ పారేయకుండా కడిగి, మొన లేని సిరంజితో మళ్లీ నింపుతాను. మూతి వదులైనట్టు అనిపించగానే మార్చేయాలి.

పాళీ సైజు ఫైన్ చాలు. జపాన్ ఫైన్, ఐరోపా ఫైన్ కన్నా సన్నగా ఉంటుంది, నాసిరకం కాగితం మీద ఇంకు పాకకుండా అదే కాపాడుతుంది. ఇంకు మాత్రం మామూలు నీలం, నీళ్లతో కడిగితే పోయే రకం. మెరుపు పొడి కలిపినవి జేబు పెన్నులో పోయను. ఫౌంటెన్ పెన్ను కోసం కాకుండా కుంచెకూ ముంచి రాసే కలానికీ చేసిన ఇండియన్ ఇంక్ అసలే వద్దు. అందులోని లక్క ఎండితే ఫీడ్ మూసుకుపోతుంది. నెలకోసారి చల్లటి నీళ్లతో కడగడం, ఆ తర్వాత పాళీకి టిష్యూ చుట్టి రాత్రంతా గ్లాసులో తలకిందులుగా నిలబెట్టడం. వేడినీళ్లు, స్పిరిట్ వద్దు.

ప్రస్తుతం ప్లెజిర్ చొక్కా జేబులో, సఫారీ బ్యాగులో, ఎకో బల్ల మీద స్థిరపడ్డాయి. సఫారీ పట్టు దగ్గర ఉండే చదును పలకలు నా వేళ్లకు సరిగ్గా కుదిరాయి. పెన్నును వేరేలా పట్టుకునేవాళ్లు మాత్రం కొనేముందు ఒకసారి చేత్తో రాసి చూడాలి. ఇక నీళ్లు పడినా చెరగని ఇంకు సంగతి తేల్చాలి. వచ్చే విడతలో ఐరన్ గాల్ ఇంకు, అంటే ఇనుప లవణంతో చేసే పాతకాలపు రకం, పోసి చూస్తాను. అది ఆమ్ల గుణం ఉన్నది, కడగడంలో అశ్రద్ధ పనికిరాదు. ముందు సఫారీలోనే మొదలుపెడతాను, పాళీకి ఏమైనా అయితే మార్చుకోవడం తేలిక కాబట్టి.