వరుసల లెక్క సరిపోయింది, నల్‌ల లెక్క తప్పింది

గత వారమంతా ఒక పాత ఒరాకిల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు డేటాను తరలించే పనిలోనే గడిచింది. వరుసల లెక్క రెండు వైపులా సరిపోయింది కాబట్టి పని ముగిసిందనే అనుకున్నాను. కానీ ఫోన్ నంబరు లేని, అంటే ఆ గడిలో నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) ఉన్న ఖాతాదారుల జాబితా అడిగితే ఒక్క పేరూ రాలేదు. ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను (ఒక్క అక్షరమూ లేని పాఠాన్ని) కూడా నల్‌గానే పరిగణిస్తుంది, పోస్ట్‌గ్రెస్ మాత్రం ఆ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. నడుమ వాడిన సీఎస్‌వీ ఫైలులో (విలువలను కామాలతో వేరుచేసే ఫైలు) ప్రతి విలువకూ కొటేషన్ గుర్తులు పెట్టడం వల్ల, లేని నంబర్లన్నీ ఖాళీ స్ట్రింగులుగా వచ్చి కూర్చున్నాయి. ఆ గుర్తులు లేకుండా ఖాళీగా వదిలేసి ఉంటే, పోస్ట్‌గ్రెస్ కాపీ ఆదేశం తన సీఎస్‌వీ పద్ధతిలో వాటిని నల్‌గానే చదివేది.

అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది తగ్గింపు శాతం కాలమ్. అందులో నల్ ఉన్నచోటల్లా సున్నా నింపమని రాసింది నేనే (అప్పటికి అది చక్కని ఉపాయంగానే తోచింది). సగటు లెక్కించేటప్పుడు డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ నల్‌లను పక్కన పెడుతుంది, సున్నాలను మాత్రం కలుపుకుంటుంది. దాంతో సగటు ఒక్కసారిగా పడిపోయింది. తెలియని విలువకూ, సున్నా అని తెలిసిన విలువకూ ఉన్న తేడా ఒకసారి చెరిగిపోయాక, పోస్ట్‌గ్రెస్‌లోకి వచ్చిన పట్టికను ఎంత చూసినా దానిని తిరిగి రాబట్టలేము, కనుక ఆ కాలమ్‌ను మూలం నుంచి మళ్లీ తెచ్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు వరుసల లెక్క పక్కనే, ప్రతి కాలమ్‌లోని నల్‌ల సంఖ్యను రెండు వైపులా పోల్చే తనిఖీని కూడా చేర్చాను.