కార్డులో ముగ్గురం

చిన్నదాని ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం ఉదయం సచివాలయానికి వెళితే, బల్ల వెనక అమ్మాయి రేషన్ కార్డు నంబరు కొట్టి, "మీరు ముగ్గురే కదమ్మా" అంది. నలుగురమని చెప్పాను. ఆమె తెరను నా వైపు తిప్పింది. బాబు పేరు లేదు. మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి ఆయన సంక్రాంతి వెళ్లగానే అర్జీ పెట్టారట. నాతో ఒక్క మాట చెప్పలేదు.

వాడి సైకిలును ఆడపడుచు కొడుక్కి ఇచ్చినప్పుడూ, బడి సంచీని అటక ఎక్కించినప్పుడూ ఇంతే. అన్నీ నేను ఇంట్లో లేని వేళ జరుగుతాయి. రాత్రి అన్నం దగ్గర నిలదీస్తే, "డీలరు వాడి వేలిముద్ర కావాలని రెండుసార్లు అడిగాడు" అని మాత్రం చెప్పి, తల వంచుకుని తింటూనే ఉన్నారు. నేను మజ్జిగ కూడా పోయకుండా లేచి వచ్చేశాను.

వాడి కోసం నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో నిలబడి సంతాన రొట్టె పట్టుకున్నది నేను. మరుసటి మొహర్రానికి మొక్కు తీర్చేందుకు మాత్రం ఆయనే ముందుకు వచ్చారు. పొయ్యి దగ్గరకు ఎన్నడూ రాని మనిషి తెల్లవారుజామున లేచి, పిండి కలిపి, వంకరటింకరగా ఒత్తి కాల్చిన పదకొండు రొట్టెలను గుడ్డలో చుట్టి, వాణ్ణి భుజాన వేసుకుని బారాషహీద్ దర్గా దగ్గర చెరువులోకి దిగి, చివరి రొట్టెను చీరాల నుంచి వచ్చిన కొత్త దంపతుల చేతిలో పెడుతూ, "మాకు ఫలించింది" అనబోయి గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. ఆ మనిషే వాడి పేరు కొట్టేయించారంటే నమ్మబుద్ధి కాలేదు.

జ్వరం వచ్చిన మొదటి రాత్రి ఒళ్లు తాకి చూసి, తెల్లవారాక ఆసుపత్రికి పోదామన్నది నేనే. పొదుపు సంఘం లెక్కలు పదేళ్లు తప్పు లేకుండా రాసిన నేను, ఇప్పుడు చిన్నదానికి మందు పోసేటప్పుడు మూత మీది గీతను ఆయనకు చూపించందే తాగించలేను. ఆయన ప్రతిసారీ విసుక్కోకుండా చూసి, సరిపోయిందంటారు.

ఇలాంటి దెబ్బ తిన్న కాపురాలు నిలవవని పిన్ని అన్న మాట చాలాకాలం గుచ్చుకుంది. 1999లో అమెరికాలో ది కంపాషనేట్ ఫ్రెండ్స్ అనే సంస్థ బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగినప్పుడు, విడాకులు తీసుకున్నవారు 12 శాతమేనని చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అయితే విడిపోకపోవడం వేరు, దుఃఖం గురించి మాట్లాడుకోవడం వేరు. అదే ఏడాది స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు, దుఃఖంలో ఉన్నవారు పోయినవారి తలపుకూ బతుకు పనులకూ మధ్య అటూ ఇటూ ఊగుతుంటారని రాశారు. మా ఇంట్లో నేను ఒక కొస పట్టుకున్నాను, ఆయన రెండో కొస పట్టుకున్నారు.

ఇక్కడిదాకా రాసేసరికి చిన్నది మంచినీళ్లకు లేచి వచ్చి, నా ముఖం చూసి, "నాన్న అంగట్లో ఎవరడిగినా ఇద్దరు పిల్లలనే చెబుతాడమ్మా, నువ్వే ఒక్కతే పాప అంటావు" అంది.

అది నిజమే. వివరం చెప్పాల్సి వస్తుందని రెండేళ్లుగా అలాగే అంటున్నాను. సచివాలయంలో నలుగురమని ఎందుకు వచ్చిందో తెలియదు. ఆయన వరండాలో పడుకున్నారు, ఇంకా నిద్రపోలేదు. మజ్జిగ గిన్నె మూత పెట్టినట్టే ఉంది.