మట్టిగోడల పెంకుటిల్లు బాగుచేత – నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు పల్లెలో పాత పెంకుటిల్లు. అడుగున్నర మందం మట్టిగోడలు, తాటి వాసాలు, పైన బంగాళా పెంకు. చూసినవాళ్లంతా పడగొట్టి స్లాబు వేసుకోమన్నారు. కానీ ఇలాంటి ఇళ్లలో చాలావాటికి జబ్బు మట్టి వల్ల రాదు, తర్వాత ఎప్పుడో గోడకు పూసిన సిమెంటు వల్ల వస్తుంది.

మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ బయటికి పోలేక లోపలే పైకెక్కుతుంది, అడుగుభాగం మెత్తబడుతుంది. పైకి మాత్రం గోడ గట్టిగానే కనిపిస్తుంది. తాపీ పిడితో తడితే డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా పరిస్థితి ఇదే. పూత పలక ఊడదీస్తే వెనకాల మట్టి గుప్పెళ్లకొద్దీ రాలుతుంది, మధ్యలో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది.

అయినా ముందు ముట్టుకోవాల్సింది గోడను కాదు, నీళ్లను. ఊళ్లో సిమెంటు రోడ్లు పడ్డాక వీధి ఎత్తయి ఇళ్లు పల్లంలో పడ్డాయి. గోడకు రెండడుగుల ఎడంగా అడుగు వెడల్పు కాలువ తీయించాం. వాలు నూరడుగులకు ఒక అడుగు, లోపల కంకర. పునాది అడుగుభాగం కంటే లోతుకు తవ్వకూడదు, గోడ కుంగుతుంది. గోడను ఆనించి సిమెంటు గచ్చు వేయిస్తామంటారు మేస్త్రులు. ఒప్పుకోవద్దు. నేలలోంచి పైకి రావలసిన చెమ్మను అది నేరుగా గోడలోకి తోస్తుంది.

సిమెంటు పూతను బల్లపరుపు ఉలితో పైనుంచి కిందికి ఒలిపించాం. బ్రేకరు మిషను పెడితే ఆ అదురుకు గోడే చీలుతుంది. పని మాఘంలో మొదలుపెడితే వేసవంతా గోడ ఆరుతుంది. ఆ వ్యవధిలోనే పైకప్పు పని కానిచ్చాం.

ప్రతి పెంకునూ దించి వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగున మోగితే మంచిది, బొంగురుపోతే లోపల పగులున్నట్టే. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. తాటి వాసానికి బలం పైనున్న నల్లటి చేవలోనే, లోపలి తెల్ల భాగం చెదలకు మేత. గోడలో దూరిన చివరలను పొడిచి చూసి, మెత్తబడ్డవి మార్చాం. వాసాలకు జీడిపిక్కల తొక్కు నూనె రెండు పూతలు వేశాం. పలాస దగ్గరే కాబట్టి అది సులువుగా దొరుకుతుంది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాను ఎలా కుదిపిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. గాలి పెంకును చూరు దగ్గర, కొప్పు దగ్గర కిందనుంచి ఎత్తుతుంది. అందుకని చూరు మీది రెండు వరసలను, పక్క అంచులను పెంకు అడుగునున్న కన్నంలోంచి జింకు పూత తీగతో రీపరుకు (పెంకులు ఆనే అడ్డపట్టీకి) కట్టించాం. కొప్పు పెంకులను సున్నంతోనే కూర్చోబెట్టాలి. కర్ర కాలాన్ని బట్టి కదులుతుంది, సిమెంటయితే ఆ కదలికకు పగిలిపోతుంది.

గోడ గుంతలకు మళ్లీ మట్టే. నల్లరేగడి పనికిరాదు, తడికి ఉబ్బి ఎండకు చీలుతుంది. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు దిగుతుంది, బంక మర్నాటికి గానీ పేరుకోదు. బంక పొర అయిదో వంతుకు మించితే ఇసుక కలపాలి. రెండంగుళాల ముక్కలుగా నరికిన వరిగడ్డి వేసి తొక్కి, వారం పులియనిచ్చాక ముప్పావు అంగుళం మందాన మెత్తాం. పచ్చిగా ఉండగానే గీతలు గీయాలి, లేకపోతే పైన సున్నం పట్టదు.

ఇక సున్నం. నీళ్లలో కాల్చిన సున్నపురాళ్లు వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోయకూడదు, చిమ్మి కళ్లలో పడుతుంది. కుతకుతలాడి చల్లారాక, పైన నీళ్లు నిలిచి ఉండేలా కనీసం మూడు వారాలు గోతిలో ఉంచాం. దుకాణంలో సంచి సున్నం కొంటే చిటికెడు మీద నిమ్మకాయ పిండి చూడండి. బుసబుస పొంగితే అది గాలి పీల్చుకుని అప్పటికే సుద్దయిపోయింది, తిప్పి పంపేయండి. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. చినుకులు తగిలే గోడలకు ఇసుకలో ఒక పాలు తగ్గించి ఇటుక పొడి కలిపాం. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ దంచాం. సముద్రపు ఇసుక చవకని ఆశపడొద్దు, అందులోని ఉప్పు పూతను పొరలుపొరలుగా రాలుస్తుంది.

పూత పది మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండి చీలుతుంది. ఎండలో అసలు వేయొద్దు. వానలు తగ్గాక వేసి, ఎదురుగా తడి గోనెలు వేలాడదీసి పది రోజులు చెమ్మ ఆరనివ్వలేదు. పైన మజ్జిగంత పల్చటి సున్నం నాలుగు పూతలు. ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఇంతా చేసి మళ్లీ సిమెంటు పూసినట్టే.

సామాను కంటే కూలికే ఎక్కువవుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రులు పాత గుళ్ల మరమ్మతులు జరిగేచోట దొరుకుతారు, అక్కడే అడగాలి. మోగిన పెంకుల్లో మిగిలినవాటిని పారేయకుండా పెరట్లో నిలువుగా పేర్చి ఉంచండి. ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కోలా ఉంటుంది, కొత్త పెంకు పాతదాని గాడిలో కూర్చోదు.