కాల్పుల విరమణ రోజు, విశాఖ మల్కాపురంలో

10 మే 2025, శనివారం

పొద్దున్నే టీవీ కట్టేయమని నాన్నతో గొడవ. పాకిస్తాన్‌తో యుద్ధం వార్తల మధ్యలో సైరన్ మోత పెడుతున్నారు. మిగతా ఊళ్లలో అది ఎలా వినిపిస్తుందో గానీ, మల్కాపురంలో ఉండేవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. ఒక పక్క నేవల్ డాక్‌యార్డ్, ఇంకో పక్క రిఫైనరీ. మొన్న బుధవారం ఊళ్లో మాక్ డ్రిల్ జరిగిన దగ్గర్నుంచీ ఆ శబ్దం వింటే చాలు, పిల్లలు బాల్కనీలోకి పరిగెత్తి ఆకాశం వైపు చూస్తున్నారు. ఇవాళ పౌర రక్షణ విభాగం వాళ్లు చానళ్లకి గట్టిగా చెప్పారు, కార్యక్రమాల్లో సైరన్ శబ్దాలు వాడొద్దని. రోజూ వింటే అలవాటైపోయి, నిజంగా మోగినప్పుడు జనం పట్టించుకోరట. నాన్న అది విని మారుమాట్లాడకుండా రిమోట్ నాకిచ్చేశారు.

గురువారం రాత్రి సంగతి ఇంకా నా మనసులోంచి పోలేదు. కరాచీ ఓడరేవుని మన నౌకాదళం ధ్వంసం చేసేసిందని కొన్ని చానళ్లు అర్ధరాత్రి దాకా ఊదరగొట్టాయి. అపార్ట్‌మెంట్ గ్రూపులో జెండాలు, చప్పట్లు. తెల్లారాక చూస్తే అలాంటిదేమీ జరగలేదు. కింది ఫ్లాట్ పిన్నిగారి అబ్బాయి నేవీలో, షిప్పు మీద ఉన్నాడు. ఆ రాత్రి ఆవిడ ఎలా గడిపారో ఆ చప్పట్లు కొట్టినవాళ్లెవరికీ తట్టలేదు. మనకది వార్త. ఆవిడకి కొడుకు.

ఇవాళ పదింటికి పిన్నిగారింటికి వెళ్లాను. మామిడికాయలు తరుగుతున్నారు, ఆవకాయకి కాదు, పప్పులోకి. ఈ ఏడు ఆవకాయ వాడొచ్చాకేనట. ఫోను కొంగున ముడేసుకున్నారు. రెండు ముక్కలు తరగడం, చెయ్యి తుడుచుకుని ముడి విప్పి చూడడం, మళ్లీ ముడేయడం. నేనున్నంతసేపూ అదే. ఎక్కడున్నాడు పిన్నీ అంటే, "తెలీదమ్మా. తెలిసినా చెప్పకూడదు" అన్నారు. ఆ రెండో మాట ఎంత మామూలుగా అన్నారో! దేశభక్తి గురించి గొంతు చించుకునేవాళ్లని ఈ నాలుగు రోజుల్లో చాలామందిని చూశాను. నా కళ్లకి మాత్రం ఈవిడే కనిపిస్తున్నారు.

కిరాణా కొట్టు దగ్గర రద్దీగానే ఉంది. సరుకుల నిల్వలకి ఢోకా లేదని ప్రభుత్వం నిన్ననే చెప్పినా రెండేసి బస్తాల బియ్యం అడుగుతున్నారు. కొట్టాయన "ఇంటికి ఒక బస్తానే, రేపు మళ్లీ లోడు వస్తాది" అని ఎవరికి వాళ్లకి ఓపిగ్గా చెప్పి పంపించాడు. గొడవ లేదు. ఆయన మాట మీద నమ్మకం, అంతే.

ఆ నమ్మకం లేకపోతే ఏమవుతుందో మా నాయనమ్మ చెప్పేది. 1942లో తనకి పదేళ్లు. సింగపూర్ జపాన్ చేతికి పోయింది, మార్చిలో బర్మాలోని రంగూన్ పోయింది. మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రంగూన్ రేవులోకి, బియ్యం మిల్లుల్లోకి కూలికి వెళ్లిన వాళ్లు వేలల్లో ఉండేవారు. వాళ్లలో ఎంతోమంది అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు, దారిలో జబ్బుచేసి పోయినవాళ్లు పోగా. తెల్లదొరలు ముందు తమవాళ్లని చూసుకున్నారని, మనవాళ్లని వాళ్ల ఖర్మానికి వదిలేశారని వీధి అరుగుల మీద చెప్పేవారట. ఆ తర్వాత సర్కారు ఎన్ని ధైర్యాలు చెప్పినా ఎవరు నమ్ముతారు? ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. చనిపోయినవాళ్లు కొద్దిమందే. ఊరు మాత్రం ఖాళీ అయిపోయింది. నాయనమ్మ వాళ్లు ఎడ్లబండిలో, పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి వెళ్లారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయి, మళ్లీ 1946లో గానీ వాల్తేరు రాలేదు.

నాన్న చెప్పే 1971 వేరు. కిటికీలకి నల్ల కాగితాలు, బళ్ల హెడ్‌లైట్లకి సగం నల్ల రంగు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన మోత అని జనానికి తెలిసింది తర్వాత కొన్ని రోజులకి. ఇంత జరిగినా ఎవరూ ఊరు వదల్లేదు అంటారు నాన్న. ఆయనకి అప్పుడు పదేళ్లు. రాత్రిపూట పెద్ద కుర్రాళ్లతో కలిసి వీధంతా తిరిగి, ఏ కిటికీ సందులోంచి వెలుతురు వస్తోందో చూసి తలుపు కొట్టడం ఆయన పని. "భయపడ్డానికి తీరికేదీ?" అన్నారు ఇవాళ కూడా. నాకు ఆ మాట నిజమనిపిస్తుంది. చేతిలో పని లేనివాడే ఫోను పట్టుకుని పుకార్లు పంచుతాడు.

సాయంత్రం ఆరింటికి విదేశాంగ కార్యదర్శి చెప్పారు, ఐదు గంటల నుంచి కాల్పులు ఆపేశారని. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. కింద కుర్రాళ్లు మాత్రం "ఇంకో నాలుగు రోజులు కొట్టాల్సింది" అంటున్నారు. ఆ ప్రకటన చదివిన పెద్దమనిషిని అప్పుడే ఫోన్లలో తిట్టడం మొదలెట్టారు. పహల్గాం ఉగ్రదాడిలో పోయిన 26 మందిలో మన విశాఖ ఆయన కూడా ఉన్నారు. ఆ కోపం నాకూ ఉంది, తగ్గదు కూడా. కానీ కోపం ఉన్నంత మాత్రాన యుద్ధం ఇంకా సాగాలని పిన్నిగారి గుమ్మం ముందు నిలబడి ఎలా అంటాం? కిందికి దిగి ఆ మాటే అన్నాను. ఒకడు "సారీ అక్కా" అని వెళ్లిపోయాడు. ఇంకొకడు వాదించాడు. వాదించనీ, విన్నాను.

రాత్రికి మళ్లీ శ్రీనగర్‌లో పేలుళ్లట. గ్రూపులో రాశాను, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని వార్త ఎవరూ పెట్టొద్దని, నేవీ వాళ్లిళ్లు మనలోనే ఉన్నాయని. చాలామంది సరేనన్నారు.

మూడో అంతస్తు వాళ్లమ్మాయి సరిహద్దు రాష్ట్రం పంజాబ్‌లో, జలంధర్‌లో చదువుతోంది. బస్సులో ఢిల్లీ చేరి, ఏపీ భవన్‌లో తిని పడుకుని, ఇవాళ ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. సోమవారం పొద్దున్న దిగుతుంది. వాళ్ల నాన్నకి డ్యూటీ ఉందట, స్టేషన్‌కి నేను వెళ్తానన్నాను.