ఉపగ్రహ రేడియో, పాడ్‌కాస్ట్, మన వ్యాఖ్యాతలు

విశాఖ ఆకాశవాణి వింటూ విజయనగరంలో పెరిగిన నాకు, రేడియో వ్యాఖ్యాతల భవిష్యత్తు ఉపగ్రహ రేడియోలో ఉందా, ఇంటర్నెట్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వినగలిగే పాడ్‌కాస్ట్‌లలో ఉందా అన్న చర్చ మన దేశం వరకు ముగిసిపోయినట్టే అనిపిస్తుంది. శ్రోతలచేత ప్రత్యేక రిసీవరు కొనిపించి, యాంటెన్నాను ఉపగ్రహం వైపు తిప్పించి, పైగా చందా కూడా కట్టించుకున్న ఉపగ్రహ రేడియో సంస్థ వరల్డ్‌స్పేస్ ఇక్కడ 2009 డిసెంబరు 31తో మూగబోయింది.

అమెరికాలో రిసీవరు కారులోనే అమరి వస్తుంది కనుక ఆ వ్యాపారం నిలిచింది. అయితే 2004లో పేరున్న రేడియో వ్యాఖ్యాత హోవార్డ్ స్టర్న్‌తో అయిదేళ్లకు 50 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న అక్కడి ఉపగ్రహ రేడియో సంస్థ సిరియస్ కూడా, 2008లో తన పోటీ సంస్థ ఎక్స్‌ఎంతో విలీనమయ్యాక, 2020లో స్టిచర్ అనే పాడ్‌కాస్ట్ సంస్థను కొనుక్కుంది. ఉపగ్రహం నడిపేవారే అటు మళ్లుతున్నారంటే శ్రోత ఎక్కడున్నాడో తెలుస్తూనే ఉంది.

మన వ్యాఖ్యాతలకు అసలు చిక్కు మరొకటి. ఎఫ్‌ఎంలో రెండు మాటలకు ఒక సినిమా పాట తోడుంటుంది; ఆ పాటకు స్టేషనే రాయల్టీ చెల్లిస్తుంది. పాడ్‌కాస్ట్‌లో హక్కులు కొనకుండా పాట వేయడానికి వీల్లేదు కనుక అరగంటంతా మాటతోనే నెట్టుకురావాలి, అది అందరివల్లా కాదు (కొందరు పాట వేయకపోతేనే బాగుంటుందన్నది వేరే సంగతి). మన ఉత్తరాంధ్ర యాసలో కబుర్లు చెప్పగలిగినవారికి మాత్రం, స్టేషను అనుమతితో పనిలేని ఈ మార్గమే మేలని నా అభిప్రాయం.